సేకరించినవారి పేరు

మా ఆయన పురుగులకు పేర్లు పెడతారు. ఇప్పటికి నలభై ఒక్క జాతులకు పెట్టారు. పెళ్ళయి ఇరవై మూడేళ్ళయినా నన్ను మాత్రం "ఇదిగో" అనే పిలుస్తారు. నేనూ ఆయన పేరు పలకను కాబట్టి ఇక్కడ కూడా రాయను. ఆయనకు ఆ మర్యాద సరిపోతుంది.

ఆషాఢంలో ఒక ఉదయం మా తమ్ముడు సన్యాసి గోంగూర మోపొకటి తెచ్చి వంటింటి గట్టు మీద పడేశాడు. పెట్టాడు అని రాయడానికి మనసొప్పడం లేదు. నేను అప్పుడే పోపు వేస్తున్నాను. ఆవాలన్నీ చిటపటలాడి సద్దుమణిగాక కూడా ఒక ఆవగింజ గట్టు మీద గెంతుతూనే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే దానికి కాళ్ళున్నాయి.

"సూసినావా అప్పా" అన్నాడు సన్యాసి. "అది ఆకు కాదు, జల్లెడ. నాలుగెకరాలూ ఇదే వరస. ఎడమ కాలవ పొడుగునా ఇదే వరస. బావేటి సేస్తన్నాడు?"

"స్నానం చేస్తున్నారు."

"నానడిగింది అది కాదు. దీనికి పేరెప్పుడెడతాడు?"

అసలు గొడవ అదే. ఆరేళ్ళ కిందట పాత పురుగుమందులన్నిటినీ నిషేధించారు. వాటి బదులు మా ఆయన పనిచేసే పరిశోధనా కేంద్రానికి ఒక యంత్రం వచ్చింది. చూడడానికి మన గ్రైండర్‌లాగే ఉంటుంది, అంత మోత మాత్రం ఉండదు. పురుగు కాలు ఒకటి అందులో వేస్తే, ఆ జాతికి తప్ప మరే ప్రాణికీ పట్టని బూజును పెంచి ఇస్తుంది. ఒకసారి వదిలితే ఆ బూజు గాలిలో దానంతట అదే పాకుతూ పోతుంది. తేనెటీగను ముట్టుకోదు, చేపను ముట్టుకోదు. జనం దాన్ని పేరుమందు అన్నారు, ఎందుకంటే పేరు లేని పురుగు మీద దాన్ని వదలకూడదని చట్టం. ముందు శాస్త్రవేత్త ఎవరైనా ఆ జాతిని వర్ణించి పేరు పెట్టాలి. ఒకే ఒక్క పురుగును మూల నమూనాగా ఎంచి దాని కింద ఎర్ర లేబుల్ గుచ్చాలి. ఆ ఎర్ర లేబుల్ పురుగు కాలే యంత్రంలోకి వెళ్ళాలి.

అంటే బారసాల చేసే పంతులూ, ఉరి తీసే తలారీ మా ఇంట్లో ఒక్కరే అయ్యారు. ఆ సంగతి ఆయనకు గిట్టేది కాదు. అందుకే నిదానంగా చేసేవారు. ఆ నిదానం ఊళ్ళో ఎవరికీ గిట్టేది కాదు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, గట్టు మీది ఆవగింజను గాజు గొట్టంలోకి ఎక్కించి, వెలుగులోకి ఎత్తి చూశారు. నీలిరంగు మీద నూనె మెరుపు.

"గెంతుడు పెంకుపురుగు. కొత్తదే అనుకుంటాను. కానీ సన్యాసీ, వీటిలో రెండు జాతులు పైకి అచ్చం ఒకేలా ఉంటాయి. కోసి మగదాని లోపలి అవయవం చూస్తే గాని తేలదు. కనీసం ఇరవై కోయాలి."

"నువ్వు ఇరవై కోసీసరికి నా సేను మోడైపోద్ది బావా. పచ్చడి కంపెనీవోళ్ళు సిల్లు పడిన ఆకు ముట్టుకోరు. ఈ పంట పోతే కౌలు సేను కూడా ఒగ్గీయాల."

"తొందరపడి పేరు పెడితే వేరేది చస్తుంది."

"సావనీ! పురుగు మీదున్న జాలి బామ్మర్ది మీద లేదేటి నీకు?"

సన్యాసి కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. మా వైపు కాఫీ తాగకుండా వెళ్ళడమంటే చెంపదెబ్బ కంటే ఒక మెట్టు పైన.

*

పురుగుల్ని పట్టే పని నాది. మొదటి నుంచీ నాదే. ఆయనకు మోకాళ్ళ నొప్పి, పైగా ఎంత గట్టిగా ఊపిరి పీలుస్తారంటే ఆయన చేను గట్టెక్కేసరికే పురుగులన్నీ పక్క చేలో ఉంటాయి. నాది బీఎస్సీ బోటనీ, సెకండ్ క్లాసు. ఆ డిగ్రీ ఇన్నాళ్ళూ కొత్తిమీర ఏరడానికి పనికొచ్చింది. ఆకు కింద ఖాళీ ఇంగువ డబ్బా పట్టుకుని, పైనుంచి వేలితో ఒక్క తట్టు తడితే చాలు. బెదిరిన పురుగు గెంతి డబ్బాలో పడుతుంది. ఇంగువ వాసనకు కాసేపు దిమ్మెక్కి ఊరుకుంటుంది. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు.

మొదటి రోజు పద్నాలుగు పట్టి తెచ్చాను. ఆయన ఒక్కొక్కదాన్ని అట్టముక్క కొసకు అంటించి, సూది గుచ్చి, దాని కింద చిటికెనవేలి గోరంత కాగితం గుచ్చారు. ఊరు, తేదీ, మొక్క, సేకరణ. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు భూతద్దంతో చదివాను. సేకరణ అన్నచోట ఆయన పేరుంది.

"ఇదేమిటి?" అన్నాను. "ఎండలో వంగి వంగి నడుం పడిపోయింది నాది కదా?"

"నువ్వు ఇంట్లో మనిషివే కదా. మనలో మనకేమిటి?"

"మనలో మనకే అయితే నా పేరే రాయవచ్చుగా?"

"ఇదిగో, ఇప్పుడు గొడవ పెట్టకు. కోసి చూసినవన్నీ ఆడవే వచ్చాయి. రేపు ఇంకో ముప్పై కావాలి. శుక్రవారానికి పేపర్ ఇమ్మని డైరెక్టరు గారు నెత్తి మీద కూర్చున్నారు."

ఇరవై మూడేళ్ళుగా ఎన్ని డబ్బాలు మోశానో అప్పుడు గుర్తుచేసుకున్నాను. ఆ పెట్టెల్లో నా పేరున్న కాగితం ఒక్కటీ లేదు. గోరంత చోటు కూడా లేదు.

మర్నాడు సన్యాసి చేలో పన్నెండు దొరికేసరికి ఎండ మాడు మీదికొచ్చింది. షేర్ ఆటోలో ఎనిమిది మంది మధ్య ఇరుక్కుని, ఒడిలో డబ్బా ఎగిరెగిరి పడుతుండగా ఇల్లు చేరాను. ఇంకా పద్దెనిమిది కావాలి.

మా పెరట్లో పగిలిన సిమెంటు తొట్టిలో పొన్నగంటి కూర ఉంది. దాని ఆకులకూ ఎన్నాళ్ళనుంచో చిల్లులే. దాని మీదా ఇలాంటివే, నీలంగా, ఆవగింజంతవి గెంతుతుంటాయి. మేం తినేది వాటి ఎంగిలే. బోటనీ చదివినదాన్ని, ఒక మొక్కను తినే పురుగు ఇంకో మొక్కను ముట్టకపోవచ్చని నాకు తెలుసు. ఏ మొక్క మీద పట్టింది ఆ డబ్బాలోనే వేయాలని ఆయన వెయ్యిసార్లు చెప్పారు కూడా.

తొట్టి దగ్గర వంగి, ఆకుల్ని తట్టి, పద్దెనిమిదినీ అదే ఇంగువ డబ్బాలో వేశాను. మీద చీటీ అంటించాను: గోంగూర, సన్యాసి చేను. సేకరించింది ఆయనే కదా, ఎక్కడ సేకరించారో ఆయనకే తెలియాలి అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అన్నంలోకి మజ్జిగ పోసుకున్నంత చల్లగా అనిపించింది.

*

మర్నాడు పొద్దున్న ఆయన ఆ డబ్బా పట్టుకెళ్ళారు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేను లాబ్‌కు వెళ్ళాను. తెల్ల పళ్ళెంలో ముప్పై పురుగులూ పరిచి ఉన్నాయి. చేలోవాటికి ఆటో కుదుపులకు ఒకదానికి మీసం, ఒకదానికి వెనక కాలు ఊడిపోయాయి. తొట్టిలోంచి నేరుగా వచ్చినవి మాత్రం పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. మూల నమూనాకు ఆరు కాళ్ళూ, రెండు మీసాలూ చెక్కుచెదరకుండా ఉండాలి. ఆయన పట్టకారు పళ్ళెం మీద అటూ ఇటూ తిరిగి పెళ్ళికొడుకుల్లోనే ఒకదాని మీద వాలింది.

అప్పటికే అలాంటివి మూడు కోసి చూశారట. మూడింటి లోపలి అవయవమూ సూదిలా నిటారుగా ఉందట.

డైరెక్టరు కామేశం గారు తలుపు తట్టకుండా వచ్చారు. "ఏమయ్యా, అయిందా?"

"ఇంకా పదిహేడు కోయాలి సార్."

"బయట గేటు దగ్గర రెండొందల మంది రైతులున్నారు. కర్రలు కూడా ఉన్నాయి. మూడు ఒకేలా ఉంటే ఇరవై ఒకేలా ఉంటాయి. ఎర్ర లేబుల్ గుచ్చెయ్. ఇంతకీ పేరేం పెడుతున్నావు?"

అడిగిన తీరులోనే జవాబుంది. కొత్త జాతికి మా ఆయన కామేశం గారి పేరే పెట్టారు. డైరెక్టరు గారు "అబ్బే, నాకెందుకయ్యా" అని రెండుసార్లు అని, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో మూడుసార్లు చూసుకున్నారు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పబోయాను కూడా. ఇంతలో డైరెక్టరు గారి చూపు నా మీద పడింది. "ఈవిడ?"

"మా ఇంట్లో మనిషి సార్. క్యారేజీ తెచ్చింది."

నోరు మూసుకున్నాను. పురుగు కాలు యంత్రంలో పడింది. చప్పుడే లేదు.

*

సోమవారం డ్రోన్లు ఎగిరాయి. డైరెక్టరు గారి చేత కొబ్బరికాయ కొట్టించారు. నేను మాత్రం కూర మీద ఎవరి బూజో పడితే వండబుద్ధి కాదని, పాత వాయిలు చీర తడిపి నాలుగు మడతలేసి పొన్నగంటి తొట్టి చుట్టూ బిగించి కట్టాను. నీళ్ళు చీర మీంచే పోసేదాన్ని.

మూడు వారాలు గడిచాయి. గోంగూర పురుగు ఒక్కటి కూడా చావలేదు. పైగా పిల్లల్ని పెట్టింది. ఊళ్ళో కొత్త తిట్టు పుట్టింది. పని చెడగొట్టిన ప్రతివాణ్ణీ "కామేశం మందులాంటోడు" అనసాగారు.

ఆ తర్వాత కాలువ ఆగింది. ఎడమ కాలువ నీళ్ళలో పిచ్చి పొన్నగంటి అని ఒక కలుపు ఎప్పుడూ ఉండేది. అక్కడక్కడ గడ్డాల్లా తేలేది, అంతే. ఇప్పుడది గట్టు నుంచి గట్టుకు చాపలా పరుచుకుంది. ఎగువ చేలు మునిగాయి. దిగువన సన్యాసి తూముకు చుక్క నీరు రాలేదు. పురుగు తినగా మిగిలిన గోంగూర నిలువునా ఎండిపోయింది.

ఒక ఆదివారం మా గేటు ముందు ట్రాక్టరు ఆగింది. సన్యాసి, ఇంకో పదిమంది కలిసి ట్రక్కుడు తడి కలుపు మా గుమ్మంలో గుమ్మరించారు.

"వొండుకోండి!" అరిచాడు సన్యాసి. "బావా, బయటికి రా! పేరెట్టమంటే పురుగుకెట్టినావా, మీ డైరెక్టరు కాళ్ళకెట్టినావా? మంచి పురుగునేదో సంపీసి మా నోట్లో మన్ను కొట్టినావు!"

"తమ్ముడూ, ఇంటి ముందు ఇదేం పని?"

"నువ్వు లోపలికెల్లప్పా. నీకేటి తెలుసు ఇందులో."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక చీపురు తెచ్చుకున్నాను.

ఆయన ఆ కలుపులోంచి ఒక రెమ్మ తీసుకుని వంటింటి గడప మీద కూర్చున్నారు. వారం రోజులుగా భోజనం సరిగ్గా లేదు. డైరెక్టరు గారు విచారణ వేశారు. మ్యూజియంలోని పాత పురుగునేదో తెచ్చి, దానికి ఎర్ర లేబుల్ గుచ్చి మోసం చేశాడని అభియోగం. నేరం రుజువైతే ఉద్యోగం పోవడం సరే, ఇక జన్మలో పురుగును వర్ణించే హక్కు ఉండదు.

"చేలోవి తెచ్చి మళ్ళీ కోశాను" అన్నారు, నాతోనో రెమ్మతోనో. "లోపల కొక్కెంలా వంకర ఉంది. నా నమూనాకు నిటారుగా ఉంది. రెండు వేరే జాతులు. మరి అది నా పళ్ళెంలోకి ఎలా వచ్చింది? నా కళ్ళు పోయాయేమో ఇదిగో. లేకపోతే మతి పోయింది."

పప్పులో ఉప్పు వేశాను.

"చూడు, ఈ ఆకులు నున్నగా ఉన్నాయి. ఎప్పుడూ వీటికి చిల్లులుండేవి. ఏదో పురుగు ఈ కలుపును తింటూ అదుపులో ఉంచేది. ఇప్పుడు లేదు. మన బూజే దాన్ని చంపింది. గాలి వాటున ఇంకా పోతోంది, సముద్రం దాకా ఆగదు."

ఇంకోసారి ఉప్పు వేశాను.

"విరుగుడు లేదా?"

"ఉంది. తాళం చెవి డైరెక్టరు దగ్గరుంది. కానీ వదలాలంటే ఆ ఎర్ర లేబుల్ పురుగు అసలు ఏ మొక్క మీద దొరికిందో, అదే చోట మళ్ళీ పట్టిన పురుగుతో సహా, సేకరించినవాళ్ళు సంతకం పెట్టి చెప్పాలి." రెమ్మను కింద పెట్టి అన్నారు, "రికార్డు ప్రకారం సేకరించింది నేనే. నాకేమో తెలియదు."

ఆ పూట పప్పు ఎవరూ తినలేకపోయాం. కారణం ఉప్పని ఆయన అనుకున్నారు.

*

విచారణ మర్నాడు పదకొండు గంటలకు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెన్ను మర్చిపోయి వెళ్ళిపోయారు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెడతారని నాకు తెలుసు. పెన్ను డైరెక్టరు గారే ఇస్తారనీ తెలుసు.

నేను పెరట్లోకి వెళ్ళి వాయిలు చీర కొంగు విప్పాను. ఆకుల మీద చిల్లులున్నాయి. కొత్తవి. తొట్టి పక్కన కూర్చుని ఆకు ఆకూ తిరగేసి లెక్కపెట్టాను. ఐదు. కాలువ పొడుగునా లక్షలుండేవేమో, నాకు తెలిసినంతవరకు ఈ ఐదే మిగిలాయి.

ఒకటి కావాలి. పైకి ఏది మగో ఏది ఆడో తెలియదు. ఉన్న ఒక్క మగదాన్నే చంపేస్తానేమో. ఇంగువ డబ్బా పట్టుకుని తట్టాను. తర్వాత ఆయన చంపుడు సీసా తెచ్చాను. గోళ్ళరంగు వాసన కొట్టే మందు దూది మీద వేసి ఉంటుంది. ఇరవై మూడేళ్ళు ఆ సీసాను వెక్కిరించాను గాని ఒక్కసారీ మూత బిగించలేదు. బిగించాను. అది మూడుసార్లు గెంతింది.

ఆయన సన్న కలంతో గోరంత కాగితం మీద రాశాను. రాయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను. ఆటోలో డబ్బాను ఒడిలో కాదు, అరచేతిలో పెట్టుకున్నాను.

డైరెక్టరు గారి గదిలో కమిటీ ముగ్గురు, రైతుల తరఫున సన్యాసి, మధ్యలో బల్ల మీద ఒక కాగితం. మా ఆయన చేతిలో అప్పటికే ఎవరిదో పెన్నుంది.

"క్యారేజీ బయట పెట్టమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

"క్యారేజీ కాదండీ" అని డబ్బా ఆయన ముందు కాదు, మా ఆయన ముందు పెట్టాను.

ఆయన మూత తీశారు. పురుగును చూశారు. జేబులోంచి భూతద్దం తీసి లేబుల్ మీద పెట్టారు. చదవలేదు.

"పైకి చదవండి" అంది కమిటీలోని పెద్దావిడ. "రికార్డులోకి ఎక్కాలి."

"పొన్నగంటి కూర" అని చదివారాయన. "మా పెరట్లో సిమెంటు తొట్టి. మూల నమూనా కూడా ఇక్కడిదే. గోంగూర అని రాసిన చీటీ అబద్ధం." అక్కడ ఆగారు. "సేకరణ..."

"సేకరణ?" అంది పెద్దావిడ.

"నూకరత్నం."

ఇరవై మూడేళ్ళలో ఆ నోటి నుంచి నా పేరు వినడం అదే మొదటిసారి. గోడకు కొట్టిన మేకులా వినబడింది.

సన్యాసి కుర్చీలోంచి లేచాడు. "నువ్వా అప్పా?" అన్నాడు. నేను తల ఊపాను. వాడు చెప్పులేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆ చెప్పులు రెండు రోజులు డైరెక్టరు గారి గుమ్మంలోనే ఉన్నాయి.

*

విరుగుడు వదిలారు. బూజు ఆగింది. నా మీద కేసు పెట్టాలా, పెడితే ఏ చట్టం కింద పెట్టాలి అన్నది ఇంకా తేలలేదు; సేకరించినావిడ ఆఫీసు మనిషి కాదు, అప్పటి రికార్డులో ఎక్కడా లేదు. మా ఆయన ఉద్యోగం నిలబడింది, మర్యాద నిలబడలేదు. గోంగూర పురుగుకు ఈసారి ఇరవై మూడు కోసి, ఏ మనిషి పేరూ పెట్టకుండా, వెనక కాలి రంగును బట్టి పేరు పెట్టారు. అది వచ్చే పంటకు పనికొస్తుంది. సన్యాసి కౌలు చేను ఈ పంటకే పోయింది. మిగిలింది కాలువ పక్క సొంత అరెకరం, దానికి నీళ్ళు లేవు.

కాలువ కలుపును మనుషులు కోస్తే వారంలో మళ్ళీ అల్లుకుంటోంది. తినేవాళ్ళు తింటే తప్ప పోదు. తినేవి నాలుగే ఉన్నాయి, మా తొట్టిలో.

వాటిలో మగవెన్ని, ఆడవెన్ని అని కమిటీ అడిగింది. తెలుసుకోవాలంటే కోయాలి అన్నారు మా ఆయన. కోయలేదు.

సన్యాసి రోజూ పొద్దున్నే వచ్చి తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు, ఉడతల్నీ పిచికల్నీ తోలుతూ. నా చేతి కాఫీ తాగడు. నాతో మాట్లాడడు. నన్ను నమ్మడు కూడా. నీళ్ళు ఎవరు పోస్తే వాళ్ళ చేతులు చూస్తాడు.

"బావా" అంటాడు గోడ వైపు చూసి. "తొట్టికి నీల్లెట్టిందేమో ఆవిణ్ణి అడుగు."

వాడు ఆవిడ అన్నాక ఆయన "ఇదిగో" అంటే ఎవర్ని అన్నట్టో తెలియడం లేదు. తప్పనిసరై వరండాలోంచి, చేదు మందు మింగినట్టు, "నూకరత్నం, నీళ్ళు పోశావా?" అంటారు.

"పోశాను" అంటాను. అదే మా ఇంట్లో రోజంతటికీ సంభాషణ. ఒకరి నోటికి నా పేరు రావడానికి ఇంకొకరి నోట్లోంచి అప్ప పోవలసి వచ్చింది. ఏది ఎక్కువో తూకం వేయబుద్ధి కాదు.

నలభై రోజులైంది. నిన్న పొద్దున్న వంటింట్లో కరివేపాకు దూస్తున్నాను. పెరట్లో స్టూలు పడిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే సన్యాసి తొట్టి మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, వేలితో గాల్లో లెక్కపెడుతున్నాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. వాడి నోరు తెరుచుకుంది.

"అ..." అన్నాడు వంటింటి వైపు తిరిగి. మింగేశాడు. వరండా వైపు తిరిగాడు.

"బావా! ఆవిడికి సెప్పు. ఐదు!"

వంటిల్లు తొట్టికి నాలుగడుగుల దూరం. నాకు శుభ్రంగా వినబడింది. కరివేపాకు రెబ్బ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆయన నన్ను పిలిచేదాకా అక్కడే నిలబడ్డాను.